పాత మారుతి ఇంజన్‌లో ఆయిల్ లీకు: చుక్క ఎక్కడ పుడుతోందో పట్టుకుని ఆపడం ఎలా

కారు తీసిన చోట నేల మీద నల్లటి మరక కనిపిస్తుంది. షెడ్డుకు తీసుకెళ్తే కింద దూరి చూసి చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ప్యాకింగ్, అంటే అతుకు దగ్గర నూనె కారకుండా వేసే పొర, పోయిందంటారు. ప్యాకింగ్ మారుతుంది, డబ్బు ఖర్చవుతుంది, పదిహేను రోజులకు మరక మళ్లీ వస్తుంది. చాలా కార్ల విషయంలో జరిగేది ఇదే. నూనె పైన ఎక్కడో పుట్టి, ఇంజన్ ఒంటి మీదుగా జారి, బండి నడిచేటప్పటి గాలికి వెనక్కి కొట్టుకుపోయి, చివరికి అన్నిటికన్నా కిందున్న చాంబర్ అంచున చుక్క కడుతుంది. చుక్క పడే చోటే పాడైందనుకుంటే డబ్బు వృథా. తడి ఎక్కడ మొదలైందో, అన్నిటికన్నా పైన ఎక్కడుందో వెతకాలి.

ఇక్కడ చెప్పేదంతా మారుతి 800, పాత ఆల్టోల్లో వచ్చిన 796 సీసీ మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజన్‌ను మనసులో పెట్టుకుని రాసింది. టైమింగ్ బెల్టు (ఇంజన్‌లోని క్రాంక్, క్యామ్ షాఫ్టులను జతగా తిప్పే పళ్ల బెల్టు) ఉన్న మిగతా పాత పెట్రోలు కార్లకూ చాలావరకు సరిపోతుంది. మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. అంటే రోడ్డు మీదున్న ఏ 800లోనైనా, ఎప్పుడూ మార్చని రబ్బరు ఉంటే దాని వయసు పదేళ్లు దాటింది. ఆయిల్ వేడికి ఏళ్ల తరబడి ఉడికిన రబ్బరు ముందు గట్టిపడుతుంది, తర్వాత కుదించుకుపోతుంది, చివరికి పెళుసవుతుంది. బండి తక్కువ తిరిగిందని సీళ్లు (తిరిగే షాఫ్టుల చుట్టూ నూనెను ఆపే రబ్బరు చక్రాలు) కొత్తగా ఉండిపోవు.

కారేది ఇంజన్ ఆయిలేనా

ముందు ఇది తేల్చాలి. రాత్రి కారు నిలిపాక ఇంజన్ కింద పెద్ద అట్టముక్క పరచండి. ముందు చక్రాలు ఎక్కడున్నాయో, గేర్‌బాక్సు ఏ వైపుందో అట్ట మీద పెన్నుతో గుర్తు పెట్టండి. పొద్దున అట్ట తీసి చూస్తే మరక ఏ భాగం కిందో తెలుస్తుంది. చుక్కను వేళ్ల మధ్య రుద్ది చూడండి. గోధుమ రంగులో గానీ నల్లగా గానీ జారుడుగా ఉంటే ఇంజన్ ఆయిల్. చిక్కగా ఉండి గంధకం లాంటి ఘాటు వాసన కొడితే గేర్ ఆయిల్. పచ్చగానో నీలంగానో ఉండి కాస్త తియ్యటి వాసనొస్తే కూలెంట్. పల్చగా, రంగు తక్కువగా, చక్రం దగ్గరో బ్రేక్ పెడల్ వైపో కనిపిస్తే బ్రేక్ ఆయిల్. అలాగైతే బండి కదపకుండా ముందు బ్రేకులు చూపించాలి. ఏసీ వాడిన రోజు కారేది ఉత్త నీళ్లు, దానికి కంగారు పడక్కర్లేదు.

ఇప్పుడు ఎంత పోతోందో లెక్క వేయాలి. ఇరవై చుక్కలు కలిస్తే సుమారు ఒక మిల్లీలీటరు. పది సెకన్లకో చుక్క చొప్పున పడితే గంటకు 360 చుక్కలు, అంటే 18 మిల్లీలీటర్లు. చూడ్డానికి ఏమీ కాదు, కానీ రోజూ రెండు గంటలు నడిచే బండి నెలకు లీటరు పైన పోగొట్టుకుంటుంది. ఈ ఇంజన్‌లో పట్టేదే సుమారు మూడు లీటర్లు. చాలా కార్లలో గేజీ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీది కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా ముప్పావు నుంచి లీటరు వరకు ఉంటుంది. కాబట్టి లీకు ఉన్న కారుకు వారానికోసారి, సమతలంగా ఉన్న చోట, ఇంజన్ ఆపిన పది నిమిషాలకు గేజీ తీసి చూసి కిలోమీటర్లతో సహా రాసి పెట్టుకోండి. గేజీలో ఆయిల్ తగ్గుతూ నేల, ఇంజన్ ఒళ్లు రెండూ పొడిగా ఉంటే అది లీకు కాదు, లోపల కాలిపోతోంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుందేమో గమనించండి.

డాష్‌బోర్డులో ఎర్ర ఆయిల్ దీపం వెలగలేదు కదా అని ధైర్యపడొద్దు. అది ఆయిల్ మట్టం చెప్పే దీపం కాదు, ఒత్తిడి పడిపోయినప్పుడు వెలిగే దీపం. నడుస్తూ ఉండగా అది వెలిగిందంటే ఆ క్షణంలోనే ఇంజన్ ఆపాలి, తోయించుకుని వెళ్లినా సరే.

కడగకుండా వెతకొద్దు

పదేళ్ల జిడ్డు, దుమ్ము పట్టిన ఇంజన్‌లో లీకు ఎవరికీ కనపడదు. ఇంజన్ చల్లారాక ఆల్టర్నేటర్, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) లేదా కాయిల్, ఎయిర్ ఫిల్టర్ నోరు ప్లాస్టిక్ సంచులతో కట్టేయండి. డీగ్రీజర్ చల్లి బ్రష్షుతో రుద్ది, సన్న ధారతో కడగండి. సర్వీసింగ్ సెంటర్లలో కొట్టే హై ప్రెషర్ నీళ్లు నేరుగా ఇంజన్ మీద కొట్టించొద్దు. సెన్సర్ సాకెట్లలోకి, సీళ్ల అంచుల్లోకి నీళ్లు దూరి కొత్త సమస్యలు తెస్తాయి. డీజిల్‌తో తుడవడం మన షెడ్డుల్లో అలవాటే, కానీ టైమింగ్ బెల్టు, ఫ్యాన్ బెల్టు, రబ్బరు మౌంటింగుల మీద డీజిల్ పడితే అవి ఉబ్బి పాడవుతాయి. పెట్రోలు అసలే వద్దు. కడిగాక అందినంత వరకు ప్యాకింగ్ అంచులన్నీ బ్రేక్ క్లీనర్ స్ప్రేతో పొడి చేయండి. అది ఆవిరైపోతుంది, జిడ్డు మిగలదు.

తర్వాత ఒంటికి రాసుకునే టాల్కం పౌడర్‌ను గుడ్డ మూటలో కట్టి, అనుమానం ఉన్న అంచుల మీద కొట్టండి. తిరిగే బెల్టుల మీద, గాలి ఫిల్టర్ దగ్గర మాత్రం కొట్టకూడదు. పది పదిహేను కిలోమీటర్లు నడిపి వచ్చి టార్చి వేసి చూస్తే తెల్లటి పౌడర్ మీద నూనె దారి గోధుమ గీతలా కనిపిస్తుంది. ఆ గీత పట్టుకుని పైకి వెళ్లండి. అది ఎక్కడ ఆగిపోతుందో అక్కడే లీకు మొదలు. వెనక మూలలు కళ్లకు కనపడకపోతే ఫోన్ కెమెరాను చేయి లోపలికి పెట్టి వీడియో తీయండి, అద్దం కన్నా సులువు.

పౌడర్‌తో తేలకపోతే యూవీ డై (యూవీ వెలుతురులో మెరిసే రంగు) వాడాలి. సీసా మీద రాసిన మోతాదులో ఆయిల్‌లో కలిపి, ఒక రోజు నడిపి, చీకట్లో యూవీ టార్చి వేస్తే లీకయ్యే చోట పసుపుపచ్చగా మెరుస్తుంది. రెండు మూడు చోట్ల ఒకేసారి కారే పాత ఇంజన్‌కు ఇంతకు మించిన పద్ధతి లేదు.

లీకు తీరే కొంత చెబుతుంది. ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు, రేస్ పెంచినకొద్దీ ఎక్కువగా కారితే ఆయిల్ పంపు ఒత్తిడి ఉన్న చోటు అనుకోవాలి: ప్రెషర్ స్విచ్ (ఎర్ర ఆయిల్ దీపాన్ని వెలిగించేది), ఆయిల్ ఫిల్టర్, హెడ్‌కు (సిలిండర్ల పైనుండే భాగం) నూనె ఎక్కే దారి దగ్గర హెడ్ ప్యాకింగ్. నడిచినా ఆగినా ఒకే తీరున నెమ్మదిగా ఊరుతుంటే చాంబర్, డ్రెయిన్ బోల్టు. నడిచి వచ్చాక కాలిన వాసన, బానెట్ సందుల్లోంచి పల్చటి పొగ వస్తే ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) నుంచి నూనె ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (కాలిన పొగ బయటికి వెళ్లే వేడి గొట్టాలు) మీద పడుతోందని. ఈ చివరిది వాయిదా వేయకూడనిది, మంటలు అంటుకునే ప్రమాదం ఉంది.

ముందు ఇంజన్ ఊపిరి చూడండి

కొత్త సీలు వేసిన నెలకే మళ్లీ కారిందంటే సీలును తిట్టుకునే ముందు ఇంజన్ లోపలి ఒత్తిడి చూడాలి. షెడ్డుల్లో ఎక్కువగా వదిలేసే పని ఇదే. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాసు కింద క్రాంక్ షాఫ్ట్ తిరిగే గదిలోకి ఎప్పుడూ జారుతూనే ఉంటుంది. దాన్ని పీసీవీ వాల్వు, బ్రీదర్ పైపు ద్వారా ఇంజనే తిరిగి పీల్చుకుంటుంది. ఆ దారి మసితో, జిడ్డుతో పూడుకుపోతే గ్యాసుకు బయటపడే దారుండదు. అప్పుడు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ, మంచి సీలు అంచు నుంచి కూడా, నూనెను బయటికి తోస్తుంది.

పరీక్ష కష్టమేమీ కాదు. వేడెక్కిన ఇంజన్‌ను ఐడిల్‌లో ఉంచి ఆయిల్ పోసే మూత తీసి, ఆ నోటి మీద పల్చటి కాగితం పెట్టండి. కొద్దిసేపటికి కాగితం మెల్లగా లోపలికి పీల్చుకుంటే బాగున్నట్టు. ఎగిరి పడితే, పొగ బుసబుసమని వస్తే ఒత్తిడి పేరుకుంటోంది. పీసీవీ వాల్వు విప్పి చెవి దగ్గర ఆడించండి, టకటకమని శబ్దం రావాలి. రాకపోతే బిగుసుకుపోయింది. కార్బ్ క్లీనర్‌తో కడిగినా ఆడకపోతే మార్చేయండి, ఖరీదైన సామానేమీ కాదు. బ్రీదర్ పైపులు తీసి నోటితో ఊది చూడండి. పాతవి గట్టిపడి చీలి ఉంటాయి, లాగితే విరుగుతాయి కాబట్టి బ్లేడుతో కోసి తీసి కొత్తవి వేయడం మేలు. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో నూనె చేరి ఉన్నా ఇదే అనుమానం.

పీసీవీ, పైపులు అన్నీ బాగుండి కూడా మూత దగ్గర గట్టిగా కొడుతుంటే రింగులు అరిగాయని. కంప్రెషన్ గేజీతో మూడు సిలిండర్లూ కొలిపించండి. వాటి మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు ఒక కిలో దాటకూడదు. తక్కువున్న సిలిండర్‌లో ఒక టీస్పూను ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే అంకె బాగా పెరిగిందంటే రింగులు, పెరగకపోతే వాల్వులు. రింగులు పోయిన ఇంజన్‌కు సీళ్లు ఎన్ని మార్చినా తాత్కాలికమే. ఆ డబ్బు ఇంజన్ పనికి దాచుకోవడం మంచిది.

ఇంకో చిన్న కారణం, ఆయిల్ ఎక్కువ పోయడం. పై గీత దాటి పోస్తే క్రాంక్ నూనెను చిలుకుతుంది, నురగ కడుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. లీకవుతోంది కదా అని ముందుజాగ్రత్తగా అర లీటరు ఎక్కువ పోయడం లీకును పెంచడమే.

ట్యాపెట్ కవర్ ప్యాకింగ్

పాత ఇంజన్లలో ముందు కారేది సాధారణంగా ఇదే. ఇంట్లో చేసుకోగలిగిన పని కూడా. కావలసినవి: 10 మిల్లీమీటర్ల సాకెట్, ఎక్స్‌టెన్షన్, చిన్న టార్క్ రెంచి, ప్లాస్టిక్ గీకుడు పలక, బ్రేక్ క్లీనర్, నూలు పోగులు రాలని గుడ్డ, కొత్త ప్యాకింగ్, బోల్టుల కింద వేసే కొత్త రబ్బరు వాషర్లు, ఒక చిన్న ట్యూబు ఇంజన్ సిలికాన్. వాషర్లు మార్చకుండా ప్యాకింగ్ ఒక్కటే మార్చి, బోల్టు తల కిందనుంచి నూనె ఊరితే ప్యాకింగ్ మంచిది కాదనుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ మైనస్ తీగ విప్పండి. అడ్డొచ్చే ఎయిర్ పైపు, బ్రీదర్ పైపు తీయండి. ప్లగ్ తీగలు తీయాల్సి వస్తే ఒక్కోదానికి టేపు చుట్టి 1, 2, 3 అని రాయండి. ఈ ఇంజన్ మంట వరుస (సిలిండర్లలో ప్లగ్గులు వెలిగే క్రమం) 1-3-2, తీగలు తారుమారైతే బండి కుదుపుతుంది, ప్యాకింగ్ పనివల్లే ఏదో అయిందని హడావిడి పడతారు. కవర్ విప్పే ముందే చుట్టూ దుమ్ము ఊడ్చేయండి, లేదంటే అదంతా క్యామ్ మీద పడుతుంది.

బోల్టులు చివర్ల నుంచి మొదలుపెట్టి నడిమికి, కొంచెం కొంచెంగా వదులు చేయండి. కవర్ అతుక్కుపోయి ఉంటే రబ్బరు సుత్తితో పక్కనుంచి తట్టండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే అల్యూమినియం అంచు గీటుపడుతుంది, ఆ గీటే కొత్త లీకు. పాత ప్యాకింగ్‌ను గాడిలోంచి ముక్క మిగలకుండా తీయండి. హెడ్ అంచును ప్లాస్టిక్ పలకతో గీకి బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. గీకేటప్పుడు లోపల గుడ్డ పరచండి, ముక్కలు నూనె దారుల్లో పడకూడదు. కవర్‌ను బోర్లించి అంచు మీద ఉక్కు స్కేలు నిలబెట్టి చూడండి. మధ్యలో వెలుతురు పెద్దగా కనిపిస్తే కవరే వంగింది. ఎవరో ఎప్పుడో బలంగా బిగించిన ఫలితం అది.

కొత్త రబ్బరు ప్యాకింగ్ పొడిగా గాడిలో కూర్చోవాలి. చుట్టూతా సిలికాన్ పూయడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. అది పనికి మేలు చేయకపోగా కీడు చేస్తుంది. సిలికాన్ మీద రబ్బరు జారి గాడి తప్పుతుంది, లోపలికి పిండుకున్న సిలికాన్ ముక్కలు ఊడి ఆయిల్ జల్లెడకు అడ్డం పడతాయి. అర్ధచంద్రాకారపు మూలలు, క్యామ్ మూత హెడ్‌ను కలిసే మూలల దగ్గర మాత్రం ఒక్కో చోట పెసరగింజంత సిలికాన్ పెట్టండి. సిలికాన్ పెట్టాక ఐదు పది నిమిషాల్లో కవర్ కూర్చోబెట్టాలి, పైన పొర కట్టాక పెడితే అంటుకోదు.

బిగించడం నడిమి నుంచి చివర్లకు, రెండు మూడు విడతల్లో. ఇలాంటి సన్న బోల్టులకు సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల దగ్గరే ఆగాలి, రబ్బరు వాషర్ మీద నట్టు ఉన్న కవర్లకు అంతకన్నా తక్కువ. మీ మోడల్ వర్క్‌షాప్ పుస్తకంలో ఉన్న అంకే ప్రమాణం. టార్క్ రెంచి లేకపోతే చిన్న హ్యాండిల్‌ను రెండు వేళ్లతో పట్టుకుని తిప్పండి. రబ్బరు గట్టిగా తగలగానే ఆపండి. ఇంకాస్త అని బలం పెడితే ప్యాకింగ్ బయటికి పిండుకుంటుంది, లేదంటే హెడ్‌లో మరలు చితుకుతాయి. సిలికాన్ ఆరడానికి ట్యూబు మీద రాసినంత సేపు ఆగి ఇంజన్ నడపండి. వంద కిలోమీటర్లకు చల్లారిన ఇంజన్ మీద ఒకసారి బోల్టులు చూస్తే చాలు.

పక్కనే ఉండే చిన్న దొంగలు

గేర్‌బాక్సు వైపు హెడ్ చివర, కార్బురేటర్ 800లో డిస్ట్రిబ్యూటర్, తర్వాతి మోడళ్లలో క్యామ్ సెన్సర్ ఉంటాయి. వాటి చుట్టూ ఒక చిన్న ఓ-రింగ్. అది గట్టిపడితే నూనె సరిగ్గా ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోటికే జారుతుంది. కింద చూసినవాళ్లు రియర్ ఆయిల్ సీలు (గేర్‌బాక్సు వైపు క్రాంక్ చివరనుండే సీలు) పోయిందని గేర్‌బాక్సు దించడానికి సిద్ధమవుతారు. రియర్ సీలు అన్న మాట వినగానే ముందు ఈ ఓ-రింగ్ పైన తడి ఉందా అని అడగండి. డిస్ట్రిబ్యూటర్ తీసే ముందు దాని కాలర్‌కూ హెడ్‌కూ కలిపి ఒక గీత గీయండి, అదే గీతకు తిరిగి పెట్టాలి. కొత్త ఓ-రింగ్‌కు ఇంజన్ ఆయిల్ రాసి తోయాలి. ఆ తర్వాత టైమింగ్ లైటుతో ఒకసారి సరిచూడాలి.

ప్రెషర్ స్విచ్ లోపలి పొర చిరిగితే నూనె కనెక్టర్‌లోంచే కారుతుంది. తీగ పీకి చూడండి, సాకెట్ లోపల నూనె ఉంటే స్విచ్ మార్చడమే. ఆయిల్ ఫిల్టర్ విప్పినప్పుడు దాని పాత రబ్బరు చక్రం ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయిందేమో తప్పక చూడాలి. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి జారి, నిమిషాల్లో ఆయిలంతా రోడ్డు పాలవుతుంది. కొత్త ఫిల్టర్ రబ్బరుకు కాస్త ఆయిల్ రాసి, తగిలే వరకు చేత్తో తిప్పి, ఆపైన ముప్పావు చుట్టు చేత్తోనే బిగించాలి. రెంచి ఎందుకూ వద్దు.

డ్రెయిన్ బోల్టుకు ప్రతిసారీ కొత్త వాషర్ వేయండి. బిగింపు 35 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటే చాలు. కారుతోందని ప్రతి సర్వీసులో ఇంకో పావు చుట్టు బిగిస్తూ పోతే ఒకరోజు మరలు తెగుతాయి, అప్పుడు చాంబరే మార్చాలి.

బెల్టు వైపు సీళ్లు

టైమింగ్ కవర్ కింది అంచున నూనె చేరుతుంటే లోపల క్యామ్ సీలో, క్రాంక్ ముందు సీలో కారుతోంది. నూనె తాగిన టైమింగ్ బెల్టు పళ్లు వదులై ఊడిపోతాయి కాబట్టి దీన్ని వాయిదా వేయకూడదు. బెల్టు ఎలా ఉన్నా దాన్నీ, టెన్షనర్‌నూ ఈ పనిలోనే మార్చేయండి. ఒకసారి విప్పాక రెండు సీళ్లూ మార్చాలి, మళ్లీ విప్పే కూలి సీలు ధర కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

బెల్టు తీసే ముందు ఒకటో సిలిండర్‌ను టాప్‌లోకి (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే స్థితికి) తెచ్చి, క్యామ్ పుల్లీ, క్రాంక్ పుల్లీ గుర్తులు కలిశాయని చూసి, పెయింట్‌తో అదనంగా గుర్తు పెట్టి ఫోటో తీసుకోండి. బెల్టు లేనప్పుడు రెండిట్లో దేన్నీ తిప్పకూడదు. పాత సీలు తీసేటప్పుడు షాఫ్ట్ మీద గీటు పడిందంటే పనంతా పోయినట్టే. సీలు ముఖం మీద జాగ్రత్తగా సన్న రంధ్రం చేసి, ఒక చిన్న స్క్రూ ఎక్కించి ప్లాయర్‌తో లాగడం సురక్షితం. షాఫ్ట్ మీద వేలుగోరు ఆడించండి. పాత సీలు పెదవి తిరిగిన చోట గాడి పడి ఉంటే గోరుకు తగులుతుంది. అలాంటప్పుడు కొత్త సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెట్టి, పెదవి కొత్త చోట ఆనేలా చూడాలి. నూనె తిరిగి వెళ్లే రంధ్రం మూసుకోకుండా చూసుకోండి.

కొత్త సీలులో స్ప్రింగు కనిపించే వైపు ఇంజన్ లోపలికి ఉండాలి. పెదవికి ఇంజన్ ఆయిల్ రాసి, సీలు బయటి అంచుకు సరిపోయే సాకెట్‌తోనో పీవీసీ పైపు ముక్కతోనో నిటారుగా, చుట్టూ సమానంగా తట్టండి. ఒక పక్క వాలితే తీసి మళ్లీ మొదలుపెట్టాలి, వాలినదాన్ని కొట్టి సరిచేస్తే లోపలి స్ప్రింగు ఊడుతుంది.

చాంబర్

స్పీడ్ బ్రేకర్లకు, రాళ్లకు తగిలి సొట్టపడ్డ చాంబర్లు, విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉప్పుగాలికి తుప్పు పట్టి సూదిమొన రంధ్రాలు పడ్డ చాంబర్లు మామూలే. రంధ్రానికి ఎం-సీల్ పెట్టి నెట్టుకురావచ్చు గానీ, తుప్పు ఒక చోట రంధ్రం చేసిందంటే పక్కన రేకు పల్చబడే ఉంటుంది.

కారు కింద దూరే ముందు జాకీ మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఇటుకలు కూడా బరువుకు పగులుతాయి. స్టాండ్లు రెండు పెట్టి, వెనక చక్రాలకు చెక్కలు అడ్డం వేసి, కారును గట్టిగా ఊపి చూసి అప్పుడు దూరండి. ఆయిల్ దించి, బోల్టులు తీసి, పల్చటి బ్లేడుతో చుట్టూ కోసి చాంబర్ ఊడదీయండి. రేకు చాంబర్ బోల్టు రంధ్రాల దగ్గర చూస్తే గత బిగింపులకు పైకి ఉబ్బి ఉంటాయి. చదునైన ఇనుప దిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో వాటిని తిరిగి అణచాలి. ఇది చేయకుండా ఎంత మంచి సిలికాన్ పెట్టినా రంధ్రాల మధ్య సందు మిగిలిపోతుంది. ఆయిల్ జల్లెడను ఇప్పుడే కడగండి, పాత సిలికాన్ ముక్కలు చాలాసార్లు అక్కడే దొరుకుతాయి.

రెండు అంచులూ జిడ్డు లేకుండా తుడిచి, మూడు నాలుగు మిల్లీమీటర్ల లావు సిలికాన్ తాడును తెగకుండా, బోల్టు రంధ్రాలకు లోపలి పక్కగా వేయండి. నడిమి నుంచి చివర్లకు 11 న్యూటన్ మీటర్లకు బిగించి, ట్యూబు మీద చెప్పిన గడువు పూర్తయ్యాకే ఆయిల్ పోయండి. తొందరపడి గంటలోనే ఆయిల్ పోయడం వల్లే చాంబర్ పనులు ఎక్కువగా తిరిగొస్తాయి. ముందు రెండున్నర లీటర్లు పోసి, ఇంజన్ ఒక నిమిషం నడిపి ఆపి, గేజీ చూస్తూ మిగతాది కొంచెం కొంచెంగా కలపండి. దించిన పాత ఆయిల్‌ను కాలవలో, బావి దగ్గర పారబోయొద్దు. మూత ఉన్న డబ్బాలో పట్టి, వాడిన నూనె సేకరించే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి.

రియర్ సీలు

పై చోట్లన్నీ పొడిగా ఉండి, బెల్ హౌసింగ్ (ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట క్లచ్‌ను కప్పే గూడు) అడుగు రంధ్రం నుంచి మాత్రమే కారితేనే రియర్ సీలు అనుకోవాలి. అక్కడ పడే చుక్క గేర్ ఆయిల్ వాసన కొడితే పోయింది గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు. రెండూ గేర్‌బాక్సు దించితేనే చేతికందుతాయి కాబట్టి దించినప్పుడు రెండూ మార్చండి. సీలు ఖర్చు వందల్లో, కూలి వేలల్లో ఉంటుంది. అందుకే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు ఎంత అరిగాయో అప్పుడే చూసుకోవాలి. నూనె తాగిన క్లచ్ ప్లేటును కడిగి వాడితే కొద్ది రోజుల్లోనే జారడం మొదలవుతుంది. ఈ లీకు రోజుకు ఒకటి రెండు చుక్కలే అయితే, క్లచ్ జారనంతవరకు గేజీ చూసుకుంటూ తర్వాతి క్లచ్ పని దాకా ఆగడం తప్పేమీ కాదు.

లీకు ఆపుతామని అమ్మే సీసాల సంగతి. అవి గట్టిపడిన రబ్బరును కాస్త ఉబ్బించి మెత్తబరుస్తాయి. చెమ్మగిల్లే సీలుకు కొన్నాళ్లు పని చేయొచ్చు, చిరిగిన సీలుకు, వంగిన చాంబర్‌కు ఏమీ చేయవు. చిక్కటి ఆయిల్ పోసినా లీకు నెమ్మదిస్తుంది, ఆగదు. మాన్యువల్ అనుమతించిన గ్రేడుల్లోనే చిక్కటిది ఎంచుకోండి, అంతకు మించొద్దు.

సీలు కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్లండి. దాని మీద 35-50-8 లాంటి అంకెలుంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, మిల్లీమీటర్లలో. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల్లో ఒకే కారుకు రెండు మూడు రకాలు చూపిస్తారు. రబ్బరు ప్యాకింగ్‌ను వేళ్లతో మడిచి వదలండి, వెంటనే మునుపటి ఆకారానికి రావాలి. మడత గీత మిగిలితే అది షాపులోనే ముసలిదైపోయింది. కంపెనీ సామానుకు పొట్లం మీద హోలోగ్రామ్ చూసి తీసుకోండి.

పని అయ్యాక ఇంజన్ కింద మళ్లీ కడిగి పొడి చేయండి. పాత నూనె మౌంటింగు గాడుల్లోంచి వారం దాకా చుక్కలు పడుతూనే ఉంటుంది, దాన్ని చూసి పని చెడిందనుకోవద్దు. మొదటి రోజు, వంద కిలోమీటర్లకు, ఐదు వందల కిలోమీటర్లకు అదే అట్టముక్క పరచి, మరక పక్కనే తేదీ రాసి పోల్చండి. మరక రోజురోజుకూ చిన్నదవుతుంటే మిగిలింది పాత నూనె. మొదటి రోజంతే ఉంటే టాల్కం పౌడర్ మళ్లీ బయటికి తీయాలి, ఈసారి కవర్ కన్నా కింద నుంచి మొదలుపెట్టి.